ముందు ఇనుము, తర్వాత బ్రేకు, ఆఖర్న ఇంజన్

సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కేటప్పుడు బండిని చాలా నెమ్మదిగా దించాలి. రేవు వాలుగా ఉంటుంది. వానాకాలంలో బురద, మిగతా రోజుల్లో తడి ఇసుక. 2019 వేసవిలో ఒక సాయంత్రం, తొట్టి నిండా కొబ్బరికాయలతో నరసాపురం వెళ్దామని ఆ వాలు దిగుతున్నాను. నాన్న పక్క సీట్లో ఉన్నాడు. బ్రేకు నొక్కితే పెడల్ మెత్తగా, నీళ్ళలో కాలు పెట్టినట్టు కిందకి పోయింది. బండి ఆగీ ఆగకుండా జారుతోంది. ముందు పంటు మీద ఒక మోటార్ సైకిల్, దాని మీద భార్యాభర్తలు, మధ్యలో మూడేళ్ళ పాప.

హ్యాండ్ బ్రేక్ లాగాను. గేరు ఫస్టులోనే ఉంది కాబట్టి క్లచ్ వదిలేశాను. అయినా బరువు తోస్తూనే ఉంది. నాన్న అప్పటికే తలుపు తీసుకుని దూకేశాడు. పంటు వాళ్ళు చక్రాలకి అడ్డం పెట్టే చెక్క దిమ్మ ఒకటి అందుకుని ముందు చక్రం కింద పడేశాడు. బండి దాని మీదకి ఎక్కబోయి, ఆగింది. మా బంపర్‌కీ ఆ మోటార్ సైకిల్‌కీ మధ్య మూరెడు దూరం. ఆ పాప మమ్మల్నే చూస్తోంది.

మర్నాడు షెడ్డులో బండి ఎత్తి చూస్తే, వెనక చక్రాలకి వెళ్ళే బ్రేకు పైపు, బండి అడుగు చట్రమైన చాసిస్‌ని పట్టుకునే క్లిప్పు దగ్గర సూదిబెజ్జమంత కన్నం కనబడింది. క్లిప్పు కింద చేరిన తడి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయి స్టీలు పైపుని తినేసింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. క్లిప్పు విప్పితే పైపు పొట్టులా రాలింది.

పైపు మార్పించాం. ఆ రోజు నుంచి నాన్న సీటు కింద ఒక చెక్క దిమ్మ పెట్టుకున్నాడు. ఏ రేవు వచ్చినా ముందు తను దిగి, దిమ్మ చేత పట్టుకుని బండి పక్కనే నడిచేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. బండి రెండేళ్ళు కొబ్బరిచెట్ల కింద ఉండిపోయింది. "తుక్కుకి వేసేయండి, ఇంకెందుకు" అని చెప్పని మనిషి లేడు. ఇంకో రకం సలహా కూడా వచ్చింది: "కొత్త బండి ఇంజన్ ఒకటి దొరికితే ఎత్తి పెట్టెయ్, గుర్రంలా పరిగెడుతుంది." ఈ రెండు సలహాలూ తప్పే అని నా నమ్మకం. మొదటిదాని కంటే రెండోది ఎక్కువ ప్రమాదం. అది ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా బండి 1992 మోడల్ టాటా మొబైల్ 206. టాటా వాళ్ళు 1988లో తెచ్చిన పికప్ అది. దాని మీదే 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్, 1994లో సుమో వచ్చాయి. అన్నిటిలోనూ తిరిగింది అదే కుటుంబం ఇంజన్, 1948 సీసీ డీజిల్. అందుకే ఈ పికప్‌కి సామాను కావాలంటే సుమో దగ్గరికే వెళ్ళాలి. సుమో అంటే మన తెలుగువాళ్ళకి ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచే బండి. ఆ పేరు మాత్రం ఆ కంపెనీని నడిపిన సుమంత్ మూల్గాఓకర్ పేరులోని మొదటి అక్షరాల నుంచి వచ్చింది. నాకు అది మా పికప్ తమ్ముడు.

మా నాన్న ఈ బండితో అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కి, కొబ్బరి అంబాజీపేటకి తోలాడు. కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు తెచ్చాడు. 2009లో వెనామీ రొయ్య మన దేశానికి వచ్చాక మా చుట్టుపక్కల చెరువులు పెరిగాయి, బండి ఐసు పెట్టెలు మోయడం మొదలుపెట్టింది. నా లెక్కలో బండిని చంపింది ఆ పనే. అరటి బరువుకి కాదు, కొబ్బరి బరువుకి కాదు, ఉప్పుకి పోయింది.

బాగుచేయిద్దామని బండిని షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రి గారు మొదట చేసిన పని నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. బానెట్ ఎత్తలేదు. చిన్న సుత్తి పట్టుకుని బండి కిందకి దూరాడు. ముందు నుంచి వెనక్కి చాసిస్ పొడుగునా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ వెళ్ళాడు. టంగ్, టంగ్, టంగ్. క్యాబిన్ దాటి తొట్టి మొదలయ్యే చోటికి వచ్చేసరికి శబ్దం మారింది. డబ్. ఇంకోసారి కొట్టాడు. డబ్. సుత్తి వెనక మొనతో పొడిచాడు. మొన లోపలికి దిగిపోయింది.

"లోపల ఇనుం లేదండి బాబు, రంగే ఉంది," అన్నాడు.

చాసిస్ డబ్బాలాంటిది. లోపల ఖాళీ. కింద నీళ్ళు పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి. మా వైపు రోడ్డు బురద ఆ కన్నాల్ని మూసేస్తుంది. రొయ్యల పెట్టెల్లోంచి కారిన ఉప్పునీళ్ళు తొట్టి సందుల్లోంచి దిగి లోపల నిలబడతాయి. మంచినీళ్ళయితే ఆరిపోతాయి. ఉప్పు మాత్రం ఎండినా అక్కడే ఉండి, గాల్లో తేమని మళ్ళీ లాక్కుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఆ తేమ ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి బండి నిలబెట్టేసినా తుప్పు ఆగదు. మేం రెండేళ్ళు దాన్ని దాచుకున్నాం అనుకున్నాం, అది రెండేళ్ళు నానింది.

పాత బండికి ప్రాణం పోద్దామనుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. ఇంజన్ పొగ కొడుతోందా, స్టార్ట్ అవుతోందా అని చూడకండి. సుత్తి పట్టుకుని కిందకి దూరండి. చాసిస్ సగానికి మించి డబ్ అంటే ఆ బండిని వదిలేయండి, ఎంత ప్రేమ ఉన్నా సరే. మాది రెండు చోట్లే పోయింది. అందుకే మొదలుపెట్టాను.

అతుకు వేయడంలోనూ ఒక పద్ధతి ఉంది. పుచ్చిన భాగం పూర్తిగా కోసేసి, మంచి ఇనుం కనబడే దాకా వెళ్ళాలి. పైన వేసే ప్లేటు చివర్లని నిటారుగా కోయకూడదు, చేప నోరులా లోపలికి కోయాలి. నిటారు గీతలో వెల్డింగ్ వేస్తే బరువు పడినప్పుడు ఆ గీత వెంటే చీలుతుంది. పై అంచునీ కింది అంచునీ అడ్డంగా వెల్డ్ చేయకూడదు, ఎక్కువ ఒత్తిడి పడేది అక్కడే. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయాలి, ఆల్టర్నేటర్ వైర్లు విప్పాలి. మా మేస్త్రి గారు ఈ పనికి నాలుగు రోజులు తీసుకున్నాడు. నేను తొందరపెడితే గ్రైండర్ ఆపి నా వైపు చూసి ఊరుకున్నాడు. ఇక అడగలేదు.

తర్వాత నీళ్ళు పోయే కన్నాలన్నీ పొడిచి తెరిచాం. లోపలికి సన్న గొట్టం దూర్చి తుప్పు పట్టని మైనం కొట్టించాం. వెనకటికి లారీవాళ్ళు వాడేసిన ఇంజన్ ఆయిల్ కుంచెతో కింద పూసేవాళ్ళు. ఆ ఆయిల్ కాలవలోకి దిగుతుంది, మనం ఆ నీళ్ళే పొలానికి పెట్టుకుంటాం. అది మానేయాలి.

ఇక దాత బండి సంగతి, అంటే సామాను విప్పి మా బండికి వేసుకోవడానికి కొనే బండి. మొదట భీమవరం చుట్టుపక్కలే రెండు సుమోలు చూశాను. చవకగానే ఉన్నాయి. రెండూ మా బండి కంటే ఘోరంగా పుచ్చిపోయాయి. తుప్పు పట్టిన బండి నుంచి తుప్పు పట్టిన బండికి సామాను మార్చడం దేనికి? అప్పుడు అర్థమైంది, డెల్టా బండికి మెట్ట ప్రాంతపు బండి కావాలి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. తెలిసినవాళ్ళ ద్వారా అక్కడ ఒక 2001 సుమో దొరికింది. వెనక నుంచి లారీ గుద్దేసింది, ముందు భాగం చెక్కుచెదరలేదు. కింద చేయి పెట్టి తడిమితే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఇరవయ్యేళ్ళ బండి బ్రేకు పైపుల మీద ఇంకా కంపెనీ పూత కనబడుతోంది.

"తుప్పు యాడుంటాదన్నా మా దిక్కు, వానే లేదు గదా," అన్నాడు అమ్మినతను. ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. వాన లేకపోవడం వాళ్ళ కష్టం. ఆ కష్టమే దాచి పెట్టిన ఇనుము మాకు అక్కరకొచ్చింది. లారీ మీద బండి తెచ్చుకుంటున్నంతసేపూ అదే ఆలోచన.

కొనే ముందు ఒక పని చేయించాను. బండి ఇక పనికిరాదని తేలితే పద్నాలుగు రోజుల్లోపు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 చెబుతుంది. ఆ సుమో సి బుక్కు (రిజిస్ట్రేషన్ పుస్తకం) రద్దయ్యాకే డబ్బులిచ్చాను. ఇది చాదస్తం అన్నారు కొందరు. రద్దు కాని బండి సామాను మీ షెడ్డులో దొరికితే అది దొంగ సామాను కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

సుమో మా పెరట్లో దిగిన రోజు నుంచి ఇంజన్ గొడవ మొదలైంది. మా బావగారి కొడుకు బాగా చదువుకున్నవాడు, బండ్లంటే పిచ్చి. "మావయ్యా, ఈ పాత ఇంజన్ ఎందుకు? మూడు లీటర్ల కామన్ రైల్ ఇంజన్ పెట్టేద్దాం, దుమ్ము లేచిపోద్ది" అని పట్టుబట్టాడు. వాడి ఉత్సాహం నాకు ఇష్టం. వాడి లెక్కే తప్పు.

కామన్ రైల్ ఇంజన్ అంటే ఇంజన్ ఒక్కటే రాదు. ఇంధనం ఎప్పుడు ఎంత కొట్టాలో నిర్ణయించే కంప్యూటర్, దానికి సమాచారం పంపే సెన్సర్లు, యాక్సిలరేటర్ పెడల్, తాళంలోని చిప్పు, మొత్తం వైరింగ్ కలిసి రావాలి. ఒక్క సెన్సర్ పోతే బండి లంకల మధ్య ఆగిపోతుంది, స్కానర్ ఉన్న మనిషి కోసం అమలాపురం పరిగెత్తాలి. పాత పంపు ఇంజన్ కేవలం యంత్రం. డీజిల్ అందితే, కంప్రెషన్ ఉంటే తిరుగుతుంది. ఊళ్ళో ఏ షెడ్డులోనైనా విప్పుతారు.

అంతకంటే పెద్ద మాట ఇంకొకటుంది. ఆ బలంతో మనకేం పని? ఇది డెల్టా. రావులపాలెం నుంచి అంతర్వేది దాకా వెళ్ళినా ఒక్క కొండ ఎక్కం. ఎక్కేవి వంతెనలు, దిగేవి రేవులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు ఊరూరా పారాయి, మా రోడ్లు చాలా వరకు ఆ కాలవ గట్ల మీదే నడుస్తాయి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరి చేను. ఎదురుగా ట్రాక్టర్, పక్కన సైకిల్, మలుపులో గేదె. ఇలాంటి రోడ్డు మీద రెట్టింపు బలం ఉన్న ఇంజన్‌ని ముప్పయ్యేళ్ళ చాసిస్‌కి, ముప్పయ్యేళ్ళ బ్రేకులకి తగిలించడం ఎవరి ప్రాణం మీదకి తెస్తుందో ఆలోచించాలి. మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చున్న ఆ పాప నాకు గుర్తొస్తుంది.

చట్టం సంగతీ ఉంది. సి బుక్కులో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సెక్షన్ 52 అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మారిస్తే దాని నంబరు మారుతుంది, ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీద. అందుకని మా బ్లాకుని అలాగే ఉంచాం. బోరు కొట్టించి, పెద్ద సైజు పిస్టన్లు వేయించి, సుమో నుంచి హెడ్డు, పంపు, ఇంజెక్టర్లు తీసుకున్నాం. ఇంజన్ గురించి ఇంతే.

బ్రేకుల గురించి మాత్రం ఎంతయినా చెప్పగలను. ఊళ్ళో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ని అందరూ ఏమంటారు? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. బండిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఏదో మన జనానికి తెలుసు. ఆ తెలిసిన సంగతి పెరట్లో రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టేసరికి మర్చిపోతాం.

సుమో నుంచి ముందు చక్రాల్ని పట్టి ఆపే కాలిపర్లు, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్, కాలి నొక్కుడికి బలం జోడించే బూస్టర్ మూడూ తీసుకున్నాం. పైపులు మాత్రం తీసుకోలేదు, ఎంత బాగున్నా సరే. అవి స్టీలు పైపులు, అనంతపురంలో బతికినంతకాలం మా రాజోలు వైపు బతకవు. రాగి, నికెల్ కలిపిన పైపు తెప్పించి, చివర్లు రెండు మడతలుగా మడిపించి కొత్తగా వేశాం. ఉప్పుకి అది తట్టుకుంటుంది. ఒట్టి రాగి పైపు వేద్దామని ఒకాయన అన్నాడు. ఊపుకి ఒట్టి రాగి పగులుతుంది, వేయకండి.

అన్నీ బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి బ్రేకు తొక్కితే, పెడల్ రాయిలా ఉంది. బూస్టర్ పనిచేయడం లేదు. మేస్త్రి గారు ఇంజన్ ఆపించి, పెడల్ నాలుగైదుసార్లు తొక్కించి, తొక్కిపట్టే ఉంచి మళ్ళీ స్టార్ట్ చేయమన్నాడు. బూస్టర్ బాగుంటే స్టార్ట్ అయిన క్షణంలో పెడల్ కాస్త కిందకి దిగాలి. దిగలేదు. ఒక పూటంతా వెతికాం. పెట్రోల్ బండికి ఇంజనే గాలి లాగి బూస్టర్‌కి బలం ఇస్తుంది. డీజిల్ ఇంజన్‌కి ఆ గుణం లేదు, వేరే వ్యాక్యూమ్ పంపు కావాలి. మా బండిలో అది ఆల్టర్నేటర్ వెనక తగిలించి ఉంది. మేం బూస్టర్ మార్చాం గానీ పాత ఆల్టర్నేటర్‌నే ఉంచేశాం. విప్పి చూస్తే పంపుకి ఆయిల్ అందించే సన్న పైపు మడ్డితో పూడుకుపోయింది. ఆయిల్ లేక లోపలి రెక్కలు అరిగి గోరంత అయ్యాయి. అంటే ఎన్నేళ్ళ నుంచో నాన్న కాలి బలంతోనే ఆ బండిని ఆపుతున్నాడు. అరవై దాటిన మనిషి, టన్ను బరువుతో. "బ్రేకు కాస్త గట్టిగా ఉంటుంది రా దీనికి" అనేవాడు, అంతే.

సుమో ఆల్టర్నేటర్ పంపుతో సహా మార్చి, పైపులు కొత్తవి వేసి, మళ్ళీ అదే పరీక్ష. స్టార్ట్ అయింది. నా పాదం కింద పెడల్ అరంగుళం దిగింది. ఈ బండి పని మొత్తంలో నాకు బాగా సంతోషమేసిన క్షణం అదే.

బ్రేక్ ఆయిల్ కూడా రెండేళ్ళకోసారి మార్చండి. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. మా గాలిలో తేమకి కొదవేముంది?

దాత బండి నుంచి తీసుకోకూడనివీ ఉంటాయి. లారీ గుద్దినా సుమో వెనక యాక్సిల్, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బ్రహ్మాండంగా ఉన్నాయి. మార్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. సుమో మనుషుల్ని మోసే బండి, మాది బరువు మోసే బండి. కమాను బలం, యాక్సిల్ పళ్ళ లెక్క వాటి వాటి పనికి తగ్గట్టు ఉంటాయి. కొత్తదైనంత మాత్రాన మేలైనది కాదు. అరిగిన పట్టీలు రెండు మార్పించి పాత కట్టలే వేశాం. వైరింగ్ మాత్రం మొత్తం సుమోదే. మా పాత వైరు చర్మం ఒలిస్తే లోపల రాగి నల్లగా, అక్కడక్కడ పచ్చగా ఉంది. అలాంటి వైరుకి అతుకులు వేయడం దండగ. ప్రతి కొసకీ తెల్ల టేపు చుట్టి పేరు రాసుకుని, ఒక్కొక్కటీ మార్చాం.

పాత బండ్లంటే ఇష్టపడేవాళ్ళు కొందరు ఇదంతా చూసి బాధపడ్డారు. ఒరిజినల్ పోయిందన్నారు. వాళ్ళ ప్రేమని నేను తక్కువ చేయను. కానీ షోకేసులో పెట్టే బండి వేరు, రేపు పొద్దున్నే అరటి గెలలు ఎత్తాల్సిన బండి వేరు. మా ఇళ్ళల్లో పడవకి పలక మారుస్తాం, పెంకుటింటికి దూలం మారుస్తాం, అది తాతగారి ఇల్లే అంటాం.

పాత బండ్లని తుక్కు చేయించే ప్రభుత్వ విధానం గురించి నాకు కోపం లేదు, ఒక అభ్యంతరం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన బండ్లకి ఫీజులు పెంచారు. సొంత కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అప్పుడు 600 నుంచి 5,000 రూపాయలు అయింది, సరుకు బండ్ల ఫిట్‌నెస్ కూడా అలాగే పెరిగింది. వయసు చూసి వేసే లెక్క ఇది. అనంతపురంలో ఇరవయ్యేళ్ళ బండికి ఇనుము గట్టిగా ఉంది. మా ఊరి చెరువుల దగ్గర పదేళ్ళు కూడా నిండని బండ్లు కింద పుచ్చిపోయి తిరుగుతున్నాయి, పైన రంగు మెరుస్తోంది. ఫిట్‌నెస్‌లో సుత్తి పట్టుకుని కిందకి దూరే మనిషి ఉంటే ఏది ఆగాలో, ఏది తిరగాలో తేలుతుంది.

పొగ విషయంలో మాత్రం నాది బలహీనమైన వాదన అని ఒప్పుకుంటాను. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 (కొత్త పొగ ప్రమాణం) బండితో మా బండి పోటీ పడలేదు. పంపు, ఇంజెక్టర్లు సరిచేయించాక నల్లపొగ తగ్గింది, పోలేదు. రోజంతా ఊళ్ళో తిరిగే బండి అయితే నేను ఈ పని చేసేవాణ్ణి కాదు. మాది వారానికి రెండు మూడుసార్లు మార్కెట్‌కి వెళ్ళొచ్చే బండి.

పోయిన మాఘమాసంలో కొబ్బరి ఎత్తుకుని మళ్ళీ నరసాపురం బయలుదేరాం. సఖినేటిపల్లి రేవు. అదే వాలు, అదే తడి ఇసుక. పంటు మీద అంతర్వేది తీర్థం నుంచి తిరిగి వెళ్తున్న జనం నిండుగా ఉన్నారు. నేను బండి ఆపి గేరు ఫస్టులోకి వేశాను. నాన్న అలవాటుగా సీటు కింద చేయి పెట్టి దిమ్మ తీసుకున్నాడు, తలుపు గడియ మీద చేయి వేశాడు.

బ్రేకు మీద కాలు ఆనించి నెమ్మదిగా వదిలాను. బండి అడుగు కదిలింది. నొక్కాను, ఆగింది. మళ్ళీ వదిలాను, మళ్ళీ అడుగు కదిలింది, ఆగింది. నాన్న నా కాలి వైపు చూశాడు. తర్వాత దిమ్మని ఒళ్ళో పెట్టుకుని, తలుపు మీద నుంచి చేయి తీసేసి, పంటు ఎక్కే దాకా అలాగే కూర్చున్నాడు.